పాస్‌పోర్టు పనికి ఏజెంటు ఎందుకండీ?



నాట్లు ఒక కొలిక్కి వచ్చాయి. చెరుకు జడ చుట్టడం మొదలెట్టాలి. ఈ మధ్యలో కాస్త తీరిక దొరికింది కాబట్టి చాలా రోజులుగా రాద్దామనుకుంటున్న సంగతి ఒకటి రాస్తున్నాను. పెద్ద పోస్టు. టీ తాగుతూ చదవండి, లేకపోతే రాత్రి భోజనాలయ్యాక చదవండి.

సంగతి పాస్‌పోర్టు గురించి. రైతుకి పాస్‌పోర్టుతో ఏటి పని అని నవ్వకండి. మన చీడికాడ మండలంలో ఏ ఊరు తీసుకున్నా, గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్లిన కుర్రోళ్లు, వెళ్లడానికి సిద్ధంగా ఉన్న కుర్రోళ్లు కనిపిస్తారు. ఎకరం, ఎకరంన్నర చెరుకు మీద ఇద్దరు కొడుకులున్న ఇల్లు నడవదని మనకందరికీ తెలుసు. ఒకడు పొలం చూసుకుంటాడు, రెండోవాడు వెల్డింగో, ఫిట్టర్ పనో నేర్చుకుని బయట దేశం చూస్తాడు. ఇంకొందరి పిల్లలు బాగా చదువుకుని అమెరికా వెళ్లారు, అక్కడ కూతురికి పురుడొస్తే తల్లి వెళ్లాలి. అంచేత ఇది మన పనే.

నేను ఇంటర్ వరకు చదివాను. ఇంగ్లీషు ఫారం చూసి భయపడను, అంతే నా గొప్ప. ఆ పేరు చెప్పి నాలుగైదేళ్లుగా మా వీధి వాళ్లు, చుట్టాలు పాస్‌పోర్టు కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకి వస్తున్నారు. అలా ఓ ఇరవై మందివి చూసి ఉంటాను. చూసిన మీదట నా అభిప్రాయం ఒకటి గట్టిపడింది. పాస్‌పోర్టు తీసుకోవడంలో ఏజెంటు చేసే పని ఏమీ లేదు. పైగా ఆ మొదటి రోజు మన కాగితాలు ఎవడి చేతిలో పెట్టామో, వాడి చేతిలోకే మన పిల్లాడు కూడా వెళ్లిపోతున్నాడు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకి సర్కారు ఫీజు 1,500 రూపాయలు. 60 పేజీలదైతే 2,000. తత్కాల్ అయితే ఇంకో 2,000 అదనం. పద్దెనిమిది లోపు పిల్లలకి 1,000. అరవై దాటిన పెద్దవాళ్లకి కొత్త పాస్‌పోర్టు ఫీజులో పది శాతం తగ్గింపు కూడా ఉంది. డబ్బు ఆన్‌లైన్‌లో కట్టేస్తాం, ఆఫీసులో ఒక్క రూపాయి కూడా ఎవరికీ చెయ్యి చాచి ఇవ్వక్కర్లేదు. మరి మా మేనల్లుడి దగ్గర ఒక నెట్ సెంటరాయన అడిగింది ఎంతో తెలుసా? 6,000. "అన్నీ నేనే చూసుకుంటాను, నువ్వు ఒక్కరోజు వెళ్లొస్తే చాలు" అన్నాడట. వాడు చూసుకునేది ఏటంటే, అరగంట సేపు కంప్యూటర్లో మన పేరు, అయ్య పేరు, అమ్మ పేరు, ఊరు కొట్టడం. అది కూడా తప్పులతో. మేనల్లుడు అక్కడి నుంచి లేచొచ్చి మా ఇంట్లో, వాడి ఫోన్లోనే, రాత్రి పది గంటలకి కరెంటు పోయినా పూర్తి చేశాడు.

ఒక జాగ్రత్త. గూగుల్లో పాస్‌పోర్టు అని కొడితే సర్కారు సైటులాగే కనిపించే దొంగ సైట్లు వస్తాయి. డబ్బు కట్టించుకుని మాయమవుతాయి. అసలుది పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్. ఫోన్లో అయితే ఎంపాస్‌పోర్ట్ సేవ అనే యాప్. అనుమానం వస్తే 1800-258-1800 కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు.

ఇప్పుడు అసలు కష్టం ఎక్కడుందో చెప్తాను. ఫారంలో లేదు, ఆఫీసులో లేదు. మన ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. మన పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది.

చూడండి. బడిలో వేసినప్పుడు మాస్టారు ఇంటిపేరుకి ఒక అక్షరం వేసి తరవాత అప్పారావు అని రాశారు. ఆధార్ తీసినప్పుడు ఇంటిపేరు మొత్తం రాసి అప్పారావుకి ఒక పి తగ్గించారు. ఓటరు కార్డులో నాయుడు చేరింది. బ్యాంకు పుస్తకంలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఊళ్లో ఆ నలుగురూ ఒకడే అని కుక్కపిల్లకి కూడా తెలుసు. విశాఖపట్నంలో కౌంటర్ దగ్గర కూర్చున్న ఆఫీసరుకి ఎలా తెలుస్తుంది? ఆయన తప్పు పట్టడానికి లేదు.

పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు. ఇంటిపేరు విప్పి పూర్తిగా రాయాలి. సర్‌నేమ్ అన్న గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ అన్న గడిలో మన పేరు. కొంతమంది ఇంటిపేరు గడి ఖాళీ వదిలేసి మొత్తం ఒకే గడిలో కొట్టేస్తున్నారు. ఇది చాలా చిక్కు. 2022 నవంబరులో దుబాయ్ ఉన్న యూఏఈ దేశం వాళ్లు, సర్‌నేమ్ లేకుండా ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వం అని చెప్పేశారు. విమానం కంపెనీలు ఆ మేరకు నోటీసులు కూడా ఇచ్చాయి. మన తెలుగోళ్లకి, తమిళులకి ఇంటిపేరు రాసే పద్ధతి వేరు కాబట్టి దెబ్బ ఎక్కువ మనకే తగులుతుంది. ఆ రెండు గడులు నింపేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒకసారి అచ్చయ్యాక మార్చాలంటే మళ్లీ ఫీజు, మళ్లీ తిరుగుడు.

అందుకని నా సలహా ఏంటంటే, పాస్‌పోర్టు అవసరం పడకముందే ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు దాన్నే మూలం అనుకోండి, మిగతావి దానికి సరిపోయేలా మార్చుకోండి. ఎందుకంటే ఆ సర్టిఫికెట్ మార్చడం అన్నిటికన్నా కష్టం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు మార్చుకోవచ్చు, పుట్టినతేదీ ఒక్కసారే. ఆ ఒక్క అవకాశాన్ని ఊరికే పోగొట్టుకోకూడదు. మొన్న ఒకాయన పింఛను బేగి వస్తుందని పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపించుకున్నాడు. ఇప్పుడు కొడుకు దగ్గరికి వెళ్దామంటే ఆధార్ ఒక వయసు చెప్తుంది, పాన్ ఇంకో వయసు చెప్తుంది.

చదువుకోని పెద్దవాళ్ల మాటేంటి అని అడుగుతారు. ఒకప్పుడు 1989 జనవరి 26 తరవాత పుట్టినవాళ్లకి జనన ధ్రువపత్రం తప్పనిసరి అనేవారు. 2016 డిసెంబరులో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు పూర్తి పుట్టినతేదీ ఉన్న ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఎల్ఐసీ బాండు, బడి టీసీ, వీటిలో ఏదైనా పనికొస్తుంది. ఆధార్‌లో ఒక్క సంవత్సరమే ఉండి తేదీ లేకపోతే మాత్రం చెల్లదు. పెళ్లి సర్టిఫికెట్ కూడా అడగరు. కానీ పసిపిల్లల విషయంలో లెక్క మారింది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో రూలు పెట్టారు. మనవలు పుడితే 21 రోజుల్లోపు నమోదు చేయించండి, డబ్బు కూడా అవ్వదు. ఏడాది దాటితే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, అప్పుడు చెప్పులరగాలి.

చిన్న మాట. మనకి ప్రాణంతో సమానమైన పట్టాదారు పాసుపుస్తకం అక్కడ ఎందుకూ పనికిరాదు. మా వీధి పెద్దాయన ఒకాయన దాన్ని పసుపు గుడ్డలో చుట్టి పట్టుకెళ్లాడు, తీసి చూపించబోతే కౌంటర్లో అమ్మాయి "బాగుంది తాతగారూ, ఆధార్ ఇవ్వండి" అందట.

చిరునామా సంగతి కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న మనం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం. చాలామంది ఆధార్లలో ఇంకా పాత జిల్లా పేరే ఉంది. ఫారంలో జిల్లా ఎంచుకునేటప్పుడు ఇప్పటి జిల్లా పెట్టండి. మన ఎంక్వైరీ వెళ్లేది అనకాపల్లి పోలీసు వాళ్లకే. వీలైతే ముందే ఆధార్ కూడా కొత్త జిల్లాతో మార్పించుకుంటే ఒక ప్రశ్న తగ్గుతుంది.

ఇక ఆఫీసు. ఫారం నింపి, ఫీజు కట్టి, తేదీ తీసుకుంటాం. 2017 నుంచి కొన్ని పోస్టాఫీసుల్లో కూడా ఈ కేంద్రాలు తెరిచారు, తేదీ తీసుకునేటప్పుడు జాబితాలో దగ్గరగా ఏది కనిపిస్తే అది పెట్టుకోవచ్చు. మా వాళ్లలో ఎక్కువమంది విశాఖపట్నం వెళ్లారు. చోడవరంలో బస్సెక్కి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఎన్ఏడీ జంక్షన్ దాటితే మర్రిపాలెం. అక్కడ ఆఫీసు. పొద్దున్న తేదీ పడితే మొదటి బస్సు అందుకోవాలి. చెప్పిన టైముకి పావుగంట ముందు ఉంటే చాలు, తెల్లారి నాలుగింటికి వెళ్లి గేటు దగ్గర కూర్చోవడం దండగ, టైము రానిదే లోపలికి పంపరు.

అసలు కాగితాలు, వాటి జిరాక్సులు ఒక సెట్టు తీసుకెళ్లాలి. ఫొటో వాళ్లే తీస్తారు. వెనక తెల్ల బోర్డు ఉంటుంది కాబట్టి మనం పెళ్లిళ్లకి వేసుకునే తెల్ల చొక్కా కన్నా రంగు చొక్కా మేలు. లోపల మూడు కౌంటర్లు. ఏ కౌంటర్లో కంపెనీ ఉద్యోగులు కాగితాలు స్కాన్ చేసి, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. బీ, సీ కౌంటర్లలో ఉండేది సర్కారు ఆఫీసర్లు. కాగితాలు అసలువా కాదా అని బీలో చూస్తారు, ఇవ్వాలా వద్దా అన్నది సీలో తేలుస్తారు. వేలిముద్రల దగ్గరే మనకి ఇబ్బంది. చెరుకు కొట్టీ కొట్టీ, కొడవలి పట్టీ పట్టీ మన వేళ్లు అరిగిపోయి ఉంటాయి. ఈ-క్రాప్ ఈకేవైసీలోనే ముద్ర పడక ఎంత అవస్థ పడుతున్నామో మీకు తెలుసు. వెళ్లే ముందు వారం రోజులు రాత్రిపూట చేతులకి కొబ్బరినూనె రాసుకోమని నేను చెప్తుంటాను. కొంతమందికి పనిచేసింది. సంతకం రానివాళ్లు మగవాళ్లైతే ఎడమ బొటనవేలు, ఆడవాళ్లైతే కుడి బొటనవేలు వేస్తే సరిపోతుంది, సిగ్గుపడాల్సింది లేదు.

ఆ హాల్లో కూర్చుంటే నాకు బాగా నచ్చేది ఒకటుంది. విశాఖపట్నం అంటే ఆంధ్రా యూనివర్సిటీ ఉన్న ఊరు. 1926లో పెట్టిన యూనివర్సిటీ, నూరేళ్లు నిండాయి. అక్కడ చదివి అమెరికా, జర్మనీ వెళ్లే పిల్లలు ల్యాప్‌టాప్ సంచీలతో వస్తారు. వాళ్ల పక్క కుర్చీలో మన కోనాం వైపు కుర్రోడు, వెల్డింగ్ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఇద్దరికీ టోకెన్ నంబర్లే. ఇద్దరికీ అవే మూడు కౌంటర్లు, అదే 1,500. ఇంజినీరింగ్ పిల్లాడు ఏజెంటుని పెట్టుకోడు, తన ఫోన్లో తనే చేసుకుంటాడు. మనవాడు మాత్రం ఆరు వేలు ఇచ్చి వస్తాడు. ఆ తేడా చదువుది మాత్రమే అంటే నేను ఒప్పుకోను. యూపీఐలో డబ్బులు పంపడం, రీల్స్ చెయ్యడం వచ్చిన కుర్రోడికి ఈ ఫారం రాదా? ఆఫీసు అనగానే మధ్యలో ఒక మనిషి ఉండాలన్న అలవాటు మనకి తాతల నుంచి వచ్చింది.

తరవాత పోలీసు ఎంక్వైరీ. దీనికి ఫీజు లేదు. ఇక్కడ మనవాళ్ల పాస్‌పోర్టులు ఎక్కువగా ఆగిపోయే కారణం ఒకటుంది. పిల్లాడు గాజువాకలో గది తీసుకుని పనిచేస్తుంటాడు, ఫారంలో మాత్రం ఊరి చిరునామా ఇస్తాడు. పోలీసులు ఇంటికొచ్చినప్పుడు అమ్మ ఉన్నమాటే చెప్తుంది, "మావోడు ఇక్కడుండడు బాబూ, పండక్కొస్తాడు" అని. ఆ చిరునామాలో లేడని రిపోర్టు వెళ్తుంది. ఎంక్వైరీ అయ్యేదాకా ఊళ్లోనే ఉండాలి, లేదా నిజంగా ఉంటున్న చిరునామానే ఇచ్చి అక్కడ రుజువు పెట్టుకోవాలి. దేశంలో ఎక్కడున్నా అక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, ఆ వెసులుబాటు ఉంది.

కేసుల సంగతి దాచుకోకుండా చెప్పుకుందాం. గట్టు తగాదాలు లేని ఊరుందా? తోపులాటలో ఇద్దరి మీదా కేసు పెట్టి ఉంటారు, అది కోర్టులో పదేళ్లుగా నడుస్తుంటుంది. ఫారంలో కేసులున్నాయా అని అడుగుతారు. "లేవని కొట్టెయ్, ఎవడు చూస్తాడు" అని ఏజెంటు చెప్తాడు. అబద్ధం రాస్తే పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు ఉంది. సంతకం మనది, ఏజెంటుది కాదు. నడుస్తున్న కేసుంటే ఆ కోర్టులోనే వకీలు చేత పిటిషన్ వేయించి అనుమతి తెచ్చుకుంటే, కోర్టు చెప్పినంత కాలానికి పాస్‌పోర్టు ఇస్తారు. దారి ఉంది, కాస్త పొడుగు దారి.

ఇప్పుడు నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణానికి వస్తున్నాను. ఈసీఆర్.

పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టులో ఈసీఆర్ అని అచ్చు వేస్తారు. అంటే, 18 దేశాలకి ఉద్యోగం వీసా మీద వెళ్లేటప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే సర్కారు ఆఫీసు నుంచి అనుమతి తీసుకోవాలి అని. యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్, లిబియా ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. యాభై దాటినవాళ్లకి, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లకి ఇది వర్తించదు. పది పాసైతే ఆ ముద్ర ఉండదు.

మన కుర్రోళ్లు ఈ ముద్రని అవమానంగా చూస్తున్నారు. ఫెయిలయ్యానని పాస్‌పోర్టు మీద కూడా రాశార్రా అంటారు. ఏజెంట్లు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. మా పక్క ఊరి కుర్రోడు ఒకడికి 40,000 ఇస్తే పదో తరగతి సర్టిఫికెట్ తెప్పించి ముద్ర లేకుండా చేయిస్తాననీ, లేదంటే టూరిస్ట్ వీసా మీద పంపి అక్కడికెళ్లాక మార్పిస్తాననీ ఒకడు చెప్పాడు. కుర్రోడి తండ్రి నా దగ్గరికొచ్చి "ఏటి చేద్దాం బావా, ఆవుని అమ్మేస్తే సరిపోద్ది" అన్నాడు.

నేను చెప్పింది ఇది. బావా, ఆ ముద్ర మన పిల్లాడి మెడకి కట్టిన తాయెత్తు అనుకో. ఆ ముద్ర ఉంటే, పనిలోకి పిలిచే కంపెనీ, జీతం, ఒప్పందం అన్నీ ఈమైగ్రేట్ అనే సర్కారు కంప్యూటర్లో పెట్టాలి. పంపే ఏజెంటుకి లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సు నంబరు మనం అందులో చూసుకోవచ్చు. ఏజెంటు కూలి 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా అని 275 రూపాయలు కడితే రెండేళ్లకి, 375 కడితే మూడేళ్లకి పది లక్షల బీమా ఉంటుంది. చట్టం 1983 నుంచీ ఉంది. ఈ దారిలో వెళ్లినవాడికి అక్కడ జీతం ఎగ్గొడితే, కాలు విరిగితే, చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. దొంగ సర్టిఫికెట్ మీద వెళ్లినవాడికి ఏం ఉంటుంది? తన కాగితమే తప్పు కాబట్టి ఎంబసీ గడప ఎక్కడానికి కూడా భయపడతాడు.

ఆ ముద్ర అన్ని చోట్లా కాపాడుతుందని కూడా నేను అనను. కంబోడియా ఆ 18 దేశాల్లో లేదు. టూరిస్ట్ వీసా మీద వెళ్లేవాడిని అడిగే ఆఫీసూ లేదు. 2024 మే నెలలో ఏం జరిగిందో గుర్తుందా? విశాఖపట్నం పోలీసులు కొందరు ఏజెంట్లని పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి, మనిషికి లక్షన్నర వరకు తీసుకుని, టూరిస్ట్ వీసాల మీద మన కుర్రోళ్లని కంబోడియా పంపారు. విశాఖ చుట్టుపక్కల నుంచే 150 మంది దాకా వెళ్లి ఉంటారని అప్పుడు పోలీసులు చెప్పారు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు. గదుల్లో పెట్టి ఫోన్ల మీద మన దేశపు జనాన్నే మోసం చేసే పని చేయించారు. చెయ్యనంటే కొట్టడం, తిండి పెట్టకపోవడం. మే 20న సిహనౌక్‌విల్ అనే ఊళ్లో వందల మంది మనవాళ్లు తిరగబడ్డారు, ఆ వీడియోలు మనందరి ఫోన్లకీ వచ్చాయి. తరవాత ఎంబసీ వాళ్లు విడిపించి విడతలవారీగా పంపించారు. వెళ్లినవాళ్లలో డిగ్రీలు, ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఉన్నారు. కాబట్టి చదువుకున్నోళ్లం, మాకు ముద్ర లేదు అని ధీమా పడొద్దు. వాళ్లందరినీ పట్టుకున్నది ఒక మాటే. "కాగితాల పని అంతా మేం చూసుకుంటాం."

మర్రిపాలెం నుంచి కంచరపాలెం వైపు కొంచెం ముందుకెళ్తే బర్మా క్యాంపు అనే పేట వస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ బోర్డు చూడండి. మన ముత్తాతల కాలంలో రంగం వెళ్లడం అనేవారు, రంగూన్‌ని అలా పిలిచేవారు. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. ఊళ్లోకి మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, మనుషుల్ని పోగేసి ఓడెక్కించేవాడు. అక్కడ ఎన్నేళ్లు చేసినా ఆ అడ్వాన్సు తీరేది కాదు. 1942లో జపాను వాళ్లు వచ్చినప్పుడు ఎంతోమంది అడవుల్లో పడి నడిచి వచ్చారు, దారిలోనే చాలామంది పోయారు. 1960ల్లో అక్కడి ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ లాక్కున్నాక మిగిలినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. అలా వచ్చినవాళ్లకి ఇచ్చిన చోటే ఆ క్యాంపు. అప్పటి మేస్త్రీకీ ఇప్పటి ఏజెంటుకీ నాకు పెద్ద తేడా కనబడదు. అప్పుడు మన తాతలకి వేరే దారి లేదు. ఇప్పుడు మనకి ఉంది.

పాస్‌పోర్టు ఇంటికొచ్చాక కూడా కొన్ని సంగతులున్నాయి. పోస్టులో వస్తుంది, పోస్ట్‌మ్యాన్ ఆధార్ చూసి ఇస్తాడు. ఏజెంటు చిరునామాకి తెప్పించుకునే పని పెట్టుకోవద్దు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం ఆ పుస్తకం ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం ఆస్తి. మనకి వాడుకోవడానికి ఇచ్చారు. దాన్ని జప్తు పెట్టుకునే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకే ఆ పరిమితి ఉంటే, "బాకీ తీరేదాకా నా దగ్గర ఉంచు" అనే ఏజెంటుకీ వడ్డీ వ్యాపారికీ ఏ హక్కు ఉంటుంది? వీసా కొట్టించడానికి ఇవ్వాల్సి వస్తే రశీదు రాయించుకోండి, అన్ని పేజీలూ ఫొటో తీసి ఇంట్లో అమ్మ ఫోన్లో కూడా పెట్టండి.

రెన్యువల్ గురించి రెండు ముక్కలు. పెద్దవాళ్లది పదేళ్లు, పిల్లలది అయిదేళ్లు లేదా పద్దెనిమిది నిండేదాకా. గడువు ఇంకా ఏడాది ఉండగానే కొత్తదానికి పెట్టుకోవచ్చు. చాలా దేశాలు ఆరు నెలలైనా గడువు మిగిలి ఉండాలంటాయి, టిక్కెట్టు కొన్నాక చూసుకుంటే ఏడవడమే. ఫీజు అదే 1,500. పోగొట్టుకున్నా, పాడైపోయినా మాత్రం 3,000. పెంకుటిళ్లలో ఉండేవాళ్లు పాలిథీన్ కవర్లో చుట్టి పెట్టుకోండి, మన ధాన్యం బస్తాల మీద పెట్టకండి, ఎలకలకి ఆ అట్ట అంటే మహా ఇష్టం. ఈసీఆర్ ముద్రతో తీసుకున్నాక ఓపెన్ స్కూల్లో పది పాసైన కుర్రోళ్లు ఆ సర్టిఫికెట్ పెట్టి ముద్ర లేని కొత్తది తీసుకోవచ్చు. మేనల్లుడికి నేను అదే చెప్తున్నాను. నలభై వేలు పోసి దొంగ కాగితం కొనే బదులు పరీక్ష ఫీజు కట్టి ఒక ఏడాది కూర్చుంటే సరిపోద్ది కదా.

ఆవుని అమ్ముతానన్న బావ సంగతి అడుగుతారు. అమ్మలేదు. కుర్రోడి పాస్‌పోర్టు ఈసీఆర్‌తోనే వచ్చింది. ఇప్పుడు లైసెన్సు ఉన్న ఏజెంటు కోసం చూస్తున్నారు, ఇద్దరి పేర్లు ఈమైగ్రేట్‌లో వెతికాం. ఒకడి లైసెన్సు గడువు అయిపోయింది. రెండోవాడిది నడుస్తోంది కానీ జీతం కాగితం మీద రాసివ్వమంటే రేపు మాపు అంటున్నాడు. రాసిచ్చేదాకా పుస్తకం ఇవ్వొద్దని చెప్పాను. కుర్రోడికి నా మీద కోపంగానే ఉంది, తోటివాళ్లు వెళ్లిపోయారని. ఉండనివ్వండి.

ఎవరికైనా పేర్లలో తేడాలుంటే ఆధార్ ఫొటోలు, పాన్ ఫొటోలు మాత్రం ఈ పోస్టు కింద పెట్టకండి, అందరూ చూస్తారు. ఆదివారం పొద్దున్న పాలు పితికాక నేను ఇంటి దగ్గరే ఉంటాను. అసలు కాగితాలు, ఫోను, ఛార్జరు పట్టుకుని రండి. మా ఇంట్లో ఛార్జరు పిన్ను పాతది.